విజయవాడలో ఐదు బ్యాండ్ల ఎక్స్‌ట్రీమ్ మెటల్ కచేరీ: ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు ఉండాలి?

లక్ష్మీపురం టీచరు (ప్రశ్న)

నేను గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. వచ్చే శనివారం విజయవాడలో, బెంజి సర్కిల్‌కు కొంత దూరంలో ఉన్న ఒక ఫంక్షన్ హాలులో, ఐదు బ్యాండ్లు వరుసగా వాయించే ఎక్స్‌ట్రీమ్ మెటల్ (రాక్ సంగీతంలో అతి కరుకైన శాఖ) కచేరీ ఉంది. సాయంత్రం నాలుగింటికి మొదలై రాత్రి పదిలోపు ముగుస్తుందని టికెట్టు మీద ఉంది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి మొదటి బ్యాండులో డ్రమ్స్ వాయిస్తున్నాడు. వాడు నన్ను రమ్మని అడగలేదు, వద్దనీ అనలేదు. టికెట్టు ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళాడు. దాన్ని నేను పిలుపుగానే తీసుకున్నాను.

రెండేళ్ళుగా మేడ మీద గదిలో వాడు రబ్బరు ప్యాడ్ల మీద సాధన చేస్తుంటే కింద వంటింట్లో వింటూనే ఉన్నాను కాబట్టి ఆ వేగం నాకు కొత్త కాదు. కానీ అసలు డ్రమ్ములు, గిటార్లు, వాటి మీద ఆ గొంతు అన్నీ కలిసి ఒక హాలులో మోగితే ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదు. కుర్చీలు వేయరని విన్నాను. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆరు గంటలు నిలబడలేను. కుర్రవాళ్ళు ఒకరినొకరు గుద్దుకుంటూ తిరుగుతారని, అందులో పడితే ఎముకలు మిగలవని మా తోటి టీచరు ఒకావిడ భయపెట్టారు. మా ఆడపడుచు మరో అడుగు ముందుకు వేసి, చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి చూపించే ఆ గుర్తు దయ్యాన్ని పిలవడానికేనని తేల్చి చెప్పింది.

నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. మా వాడి బ్యాండు అరగంటలో అయిపోతుందట. అది కాగానే బయలుదేరి వచ్చేయడం, పెళ్ళికి వెళ్ళి తాళి కట్టగానే భోజనం చేయకుండా తిరిగి వచ్చేసినట్టు ఉంటుందా? మిగతా నాలుగు బ్యాండ్లనూ వినాలంటే నాలాంటి మనిషి దేన్ని పట్టుకుని వినాలి?

కృష్ణలంక బేస్

టీచరు గారూ, నమస్కారం. నేను విజయవాడలోనే ఉంటాను, పదేళ్ళుగా బేస్ గిటారు వాయిస్తున్నాను. మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. దయచేసి మధ్యలో వచ్చేయకండి. ముందు వాయించిన వాళ్ళు చివరి బ్యాండు వేదిక దిగేవరకూ ఉండి వినడం ఈ రంగంలో మర్యాద. పైగా డ్రమ్స్ సెట్టు ఒకటే ఉంటుంది, ఐదుగురూ దాని మీదే వాయిస్తారు. స్నేరు డ్రమ్ము (పుల్లలతో కొడితే చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము), సింబల్స్ (లోహపు తాళాలు), కాలితో కొట్టే పెడల్ మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు. అందువల్ల మీరు వెళ్ళిపోయినా మీ వాడు రాడు. ఆ సామాను సర్దుకుని, పక్క బ్యాండు వాళ్ళకు సాయం పట్టి, పదిన్నరకు గానీ బయట పడడు.

మొదటి బ్యాండు గురించి మీరు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. సౌండ్ చెక్ సాధారణంగా తిరగేసిన వరుసలో జరుగుతుంది. చివర వాయించే పెద్ద బ్యాండు మధ్యాహ్నం మొదట చూసుకుంటుంది, మొదట వాయించేవాళ్ళు ఆఖరున చూసుకుంటారు, ఎందుకంటే వాళ్ళు సరిచేసుకున్న అమరిక కదపకుండా తలుపులు తెరవవచ్చు. చెప్పుకోవడానికి ఇది సబబుగానే ఉంటుంది. కానీ పెద్ద బ్యాండు వాళ్ళు ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యమంతా చిన్నవాళ్ళ వాటాలోంచే పోతుంది, వాళ్ళకు మైకులు పలుకుతున్నాయో లేదో చూసుకునే అయిదు నిమిషాలే మిగులుతాయి. అందుకని మీ అబ్బాయి బ్యాండు మొదటి పాట గజిబిజిగా వినిపిస్తే అది వాళ్ళ తప్పనుకోవద్దు. సౌండ్ ఇంజనీరు ఆ పాట మీదే అమరిక చేసుకుంటాడు. రెండో పాట నుంచి వినండి.

నిలబడే చోటు విషయానికి వస్తే, హాలు మధ్యలోనో వెనుకనో మిక్సర్ పెట్టిన బల్ల ఒకటి ఉంటుంది. దాని పక్కన చేరండి. ఇంజనీరు తన చెవికి బాగున్నట్టుగానే శబ్దాన్ని కలుపుతాడు కనుక అతను నిలబడిన చోటే అన్నీ సమంగా వినిపిస్తాయి. గోడ మూలలకు వెళ్ళవద్దు, అక్కడ బేస్ ముద్దగా పోగుపడుతుంది (నా వాయిద్యమే అయినా నిజం చెప్పాలి కదా). వేదికకు మరీ దగ్గరగా ఉంటే పెద్ద స్పీకర్ల శబ్దం మీ రెండు పక్కల నుంచీ దాటిపోతుంది. గొంతు సరిగా అందదు, డ్రమ్ములూ గిటారు యాంప్లిఫయర్లూ మాత్రం నేరుగా తగులుతాయి. అయితే మీ ఒక్కరికి ఒక మినహాయింపు చెబుతాను. మొదటి బ్యాండు సమయానికి జనం పలచగా ఉంటారు, కాబట్టి ఆ అరగంట డ్రమ్ములకు ఎదురుగా ముందుకు వెళ్ళి నిలబడండి. మైకులు ఎంత అధ్వానంగా ఉన్నా మీ వాడి స్నేరు అక్కడ మీకు వినిపిస్తుంది.

ఇక మాష్ పిట్. వేదిక ముందు నట్టనడుమ ఏర్పడే ఆ ఖాళీలోకి దిగినవాళ్ళే గుద్దుకుంటారు తప్ప అంచున నిలబడినవాళ్ళను లాక్కుపోరు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన భౌతికశాస్త్ర పరిశోధకులు ఇలాంటి కచేరీల వీడియోలను విశ్లేషించి 2013లో ఒక పత్రం ప్రచురించారు. పిట్‌లోని మనుషుల వేగాలు వాయువులోని కణాల వేగాల మాదిరిగానే చెదిరి ఉంటాయని, అందరూ ఒకే దిశలో పరుగెత్తే సర్కిల్ పిట్ సుడిగుండంలా తిరుగుతుందని అందులో తేల్చారు. శాస్త్రవేత్తలు చెప్పని నియమం ఒకటుంది. ఎవరైనా కింద పడితే పక్కనున్నవాళ్ళు తక్షణం చేయి ఇచ్చి లేపాలి. లేపనివాడిని మళ్ళీ పిట్‌లోకి రానివ్వరు.

మీ ఆడపడుచు గారికి ఒక మాట చెప్పండి. ఆ రెండు వేళ్ళ గుర్తును మెటల్ లోకంలో బాగా వాడుకలోకి తెచ్చింది రానీ జేమ్స్ డియో అనే గాయకుడు. ఇటలీ మూలాలున్న తన బామ్మ చెడు చూపు తగలకుండా ఆ గుర్తు పెట్టేదని, అది చూసి నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే మనం ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసినట్టే. దిష్టి తీసే గుర్తు అది.

గవర్నర్‌పేట ఆడియాలజిస్టు

వృత్తిరీత్యా రోజూ చెవులనే పరీక్షిస్తాను కాబట్టి ఆ ఒక్క విషయమే చెబుతాను. 85 డెసిబెళ్ళ శబ్దాన్ని ఎనిమిది గంటలు వినవచ్చునని, ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగానికి తగ్గుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ దగ్గర మీకు దక్కేది పదిహేను నిమిషాలు. మూసిన హాలులో మెటల్ బ్యాండు వాయిస్తే శబ్దం సునాయాసంగా ఆ స్థాయిని తాకుతుంది. మీరు ఉండబోయేది ఆరు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో కచేరీ ప్రదేశాలకు 100 డెసిబెళ్ళ సగటు పరిమితిని సూచించింది గానీ, మన ఫంక్షన్ హాళ్ళలో దాన్ని కొలిచే పరికరం పెట్టినవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు.

కాబట్టి మందుల దుకాణంలో కొద్ది రూపాయలకే దొరికే నురగ ఇయర్ ప్లగ్గులు రెండు జతలు కొనుక్కోండి. ఒకటి మీకు, ఒకటి మరిచిపోయి వచ్చిన పక్కవాళ్ళకు. చాలామంది వాటిని చెవి గుమ్మంలో ఆనించి ఊరుకుంటారు, అది దూది పెట్టుకున్నదానితో సమానం. ప్లగ్గును వేళ్ళ మధ్య వత్తిలాగా సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుకగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి లాగి, ప్లగ్గును లోపలికి పంపి, అది ఉబ్బి నిండేవరకూ అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. మీ గొంతు మీకే కుండలోంచి మాట్లాడినట్టు వినిపిస్తే సరిగా కూర్చున్నట్టు. నురగ ప్లగ్గులు పైస్థాయి శబ్దాలను ఎక్కువగా తగ్గిస్తాయి కనుక సంగీతం కాస్త మందంగా అనిపిస్తుంది. మీ అబ్బాయి రోజూ సాధన చేస్తాడు కాబట్టి అన్ని స్థాయిలనూ సమంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్గులు అతనికి కొనివ్వండి. ఆ ఖర్చును డ్రమ్స్ ఖర్చులోనే కలుపుకోండి. కచేరీ అయ్యాక చెవుల్లో రెండు రోజులకు మించి గుయ్యిమంటే ఈఎన్‌టీ వైద్యుడిని కలవాలి.

తల ఊపే సరదా మీకు కలగదనుకుంటాను గానీ, కలిగితే జాగ్రత్త. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీని మీద లెక్క కట్టారు. నిమిషానికి సుమారు 146 దెబ్బల వేగంలో తలను 75 డిగ్రీలకు మించి ఊపితే తలకు స్వల్ప గాయమయ్యే అవకాశముందని చెప్పారు. మెడ మాత్రం మరునాడు పొద్దునే చెబుతుంది.

పటమట పాతకాపు

అందరూ ఆశీర్వచనాలు పలుకుతున్నారు కాబట్టి నేను కాస్త చేదు చెబుతాను. ఫంక్షన్ హాలు మెటల్ కచేరీకి పుట్టలేదు. కింద గ్రానైటు, మూడు పక్కలా గాజు తలుపులు, పైన ప్లాస్టర్ కప్పు. నిమిషానికి రెండు వందల పైచిలుకు దెబ్బలు కొట్టే బాస్ డ్రమ్ము ఆ హాలులో ఒక్కో దెబ్బగా వినబడదు, దెబ్బకు దెబ్బ అతుక్కుని ఏకధాటి గర్జన అవుతుంది. జనం నిండితే ఆ ప్రతిధ్వనిని ఒంటి బట్టలే కొంత పీల్చుకుంటాయి, కాబట్టి హాలు నిండడం మీ చెవికే మేలు. గతంలో ఇలాంటి ఒక హాలులో నేను వెళ్ళిన కార్యక్రమంలో నాలుగో బ్యాండు నడుస్తుండగా జనరేటరు ఆగింది. నలభై నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టి, చివరి బ్యాండుకు మూడు పాటలతో సరిపెట్టారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. రాత్రి పది దాటితే లౌడ్ స్పీకర్లు వాడకూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు మూసి ఉన్న హాలు లోపలికి వర్తించవు గానీ, ఆ మినహాయింపును చదివిన హాలు మేనేజరు ఎవడూ ఉండడు. తొమ్మిదీ యాభైకి మెయిన్ స్విచ్ మీద చేయి పెట్టుకుని నిలబడతాడు.

అయినా వెళ్ళండి. 2012 అక్టోబరులో అమెరికా మెటల్ బ్యాండు స్లేయర్ బెంగళూరు వస్తే వినడానికి గుంటూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను (ఆ పేరు గల రైలులో ఆ పనికి వెళ్ళడం మీద మా స్నేహితులు ఇప్పటికీ నవ్వుతారు). మన ఊళ్ళో ఐదు బ్యాండ్లు వస్తున్నాయంటే ఆ రైలు ఖర్చు మిగిలినట్టే.

లక్ష్మీపురం టీచరు

అందరికీ కృతజ్ఞతలు. ప్లగ్గులు కొన్నాను, కుండలోంచి మాట్లాడడం కూడా అభ్యాసం చేశాను. ఒక్కటే మిగిలింది. పాతికేళ్ళుగా పిల్లలకు ఉచ్చారణ దిద్దే పని చేస్తున్నదాన్ని. ఆ గొంతులో ఒక్క అక్షరమూ తెలియదు. మాట తెలియకుండా పాడడం వీళ్ళు చేతకాక చేస్తున్నారా, కావాలని చేస్తున్నారా?

కృష్ణలంక బేస్

కావాలనే చేస్తారు, దానికి సాధన కూడా చాలా కావాలి. మన స్వరతంత్రులకు పైన మరో జత మడతలుంటాయి. మామూలు మాటలో వాటికి పని ఉండదు. గ్రోల్ (మీరన్న ఆ గర్జన గొంతు) పాడేవాళ్ళు వాటిని దగ్గరకు తెచ్చి కంపింపజేస్తారు. ఊపిరి కడుపులోంచి రావాలి. గొంతు బిగించి అరిచేవాడు మూడో పాటకే బొంగురుపోతాడు. ఇలా చేయడం వల్ల గొంతుకు శ్రుతి అంటూ పెద్దగా మిగలదు, ఒరిపిడి, లయ మిగులుతాయి. అందుకే దాన్ని పాటగా కాక మరో తాళవాద్యంగా వినండి. హల్లులు ఎక్కడ పడుతున్నాయో చూడండి, అవి స్నేరు దెబ్బ మీదే పడుతుంటాయి.

మీరు వినబోయే ఐదింటికీ తేడాలున్నాయి. గొంతు అడుగు నుంచి వచ్చి, గిటార్లు బాగా కిందికి శ్రుతి చేసి ఉంటే అది డెత్ మెటల్. 1980ల రెండో సగంలో అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడాలో, అది రూపు కట్టింది. గొంతు సన్నగా కీచుమంటూ, గిటారు ఆపకుండా జల్లులా కురుస్తుంటే బ్లాక్ మెటల్. 1990ల తొలినాళ్ళలో నార్వే కుర్రవాళ్ళు దానికి ఇప్పటి రూపం ఇచ్చారు, ముఖాలకు తెలుపు నలుపు రంగులు పూసుకునేది ఎక్కువగా వీళ్ళే. పాట మొదలయ్యేలోపే అయిపోతే గ్రైండ్‌కోర్. ఇంగ్లండుకు చెందిన నేపామ్ డెత్ బ్యాండు పాట ఒకటి 1.316 సెకన్లే ఉండి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. డూమ్ మెటల్ ఇందుకు పూర్తిగా విరుద్ధం, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య మీరు ఒక వాక్యం చెప్పుకోవచ్చు.

తీగలను వదులు చేయడం వెనుక ఒక కథ ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండుకు చెందిన తొలితరం మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కుర్రతనంలో రేకుల కర్మాగారంలో పనిచేస్తుండగా కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కనుక తీగలు నొక్కవలసింది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని వాయించాడు, తర్వాత నొప్పి తగ్గేందుకు తీగల బిగువు కూడా తగ్గించాడు. అలా కిందికి దిగిన శ్రుతి ఈ సంగీతమంతటికీ పునాది అయింది. మనవైపు నుంచి కూడా ఈ దారిలో నడిచినవాళ్ళున్నారు. హైదరాబాద్‌కు చెందిన గాడ్‌లెస్ అనే బ్యాండును వెళ్ళేలోపు ఒక గంట వినండి, చెవి కాస్త అలవాటు పడుతుంది.

లక్ష్మీపురం టీచరు

కచేరీకి వెళ్ళి వచ్చాను. ఆదివారం రాత్రి ఇది రాస్తున్నాను. మెడ బాగానే ఉంది, మోకాళ్ళ సంగతి అడగవద్దు.

నాలుగింటికి అన్నది అయిదుంబావుకు మొదలైంది. వేదిక వెనుక గోడ మీద ముందురోజు పెళ్ళివారి థర్మాకోల్ అక్షరాలు సగం ఊడి, వధువు పేరులో మొదటి అక్షరం, 'వెడ్స్' అన్న మాట మిగిలి ఉన్నాయి. వాటి కిందే మా వాడు కూర్చున్నాడు. ముప్పై మంది కూడా లేరు. చెప్పినట్టే డ్రమ్ములకు ఎదురుగా నిలబడ్డాను. మొదటి పాట నిజంగానే అయోమయం. గిటారు ఒకటి అసలు పలకలేదు, మైకు కీచుమంది. రెండో పాట నడుమ వాడి కుడిచేతి పుల్ల విరిగి ముక్క ఎగిరి పడింది. చూస్తుండగానే ఎడమచేయి కొడుతూనే ఉంది, కుడిచేయి పక్కన వేలాడే సంచిలోంచి మరో పుల్ల లాక్కుని వచ్చి కలిసింది. వాడు తల వంచి చూడను కూడా లేదు. ఇంట్లో వాడికి తువ్వాలు ఎక్కడుందో మూడుసార్లు చెప్పాలి.

గ్రైండ్‌కోర్ నా వల్ల కాలేదు. ప్రయత్నించాను, ఏదో పట్టుకునేలోపు అది అయిపోయేది. ఆ సమయంలో బయటికి వెళ్ళి టీ తాగాను. అదే బ్యాండు చివరి పాటలకు తిరిగి వచ్చేసరికి పిట్ మొదలైంది. మిక్సర్ బల్ల పక్కన ఇంజనీరు తన స్టూలు నాకు ఇచ్చి తాను నిలబడ్డాడు, అక్కడి నుంచి అంతా కనిపించింది. అంతమంది గుద్దుకుంటుండగా ఒక కుర్రవాడు ఉన్నట్టుండి సెల్‌ఫోను లైటు వేసి చేయి పైకెత్తాడు. పిట్ మొత్తం ఆగింది. నలుగురు వంగి నేల మీద వెతికి ఎవరిదో కళ్ళజోడు తీసి, లాల్చీ అంచుతో తుడిచి ఇచ్చారు. పెట్టుకున్నాడో లేదో, మళ్ళీ మొదలు. మా పాఠశాల ప్రార్థన వరుసలో నాకు ఈ క్రమశిక్షణ దొరకదు.

మూడో బ్యాండు డూమ్. నాకు నచ్చింది ఇదే. పాతకాపు గారు తిట్టిన గ్రానైటు నేల ఇక్కడ మేలు చేసిందనిపించింది. ఒక్కో తీగ మోత చెప్పుల్లోంచి మోకాళ్ళ దాకా వచ్చి ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళేది. కళ్ళు మూసుకుంటే చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో వీరభద్రుడి సంబరం గుర్తుకు వచ్చింది. డప్పుల నడుమ ఖడ్గాలు (వీరభద్రుడి స్తుతులు) చదివే ఆయన నోట 'శరభ శరభ' అన్నది తప్ప మిగతా మాటలు మాకెప్పుడూ తెలిసేవి కావు. తెలియలేదని ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.

నాలుగో బ్యాండు వాళ్ళు ముఖాలకు రంగులు వేసుకుని అంత భీకరంగా కేకలు పెట్టి, పాటకూ పాటకూ మధ్య 'దయచేసి అందరూ మంచినీళ్ళు తాగుతూ ఉండండి' అని పెద్దల ముందు మాట్లాడినట్టు చెప్పారు. చివరి బ్యాండుకు మేనేజరు తొమ్మిదీ నలభైకే గడియారం చూపించడం మొదలుపెట్టాడు. ఆరు పాటలు అనుకున్నవాళ్ళు అయిదుతో ముగించారు.

మాటల సంగతి చెప్పాలి. మా వాడి బ్యాండు ఆఖరి పాటలో, హల్లులు స్నేరు మీద పడతాయన్న మాట గుర్తుంచుకుని వింటుంటే, 'బుడమేరు' అన్నది నాకు స్పష్టంగా వినిపించింది. అప్పటిదాకా ఇంగ్లీషు అనుకుంటున్నాను. వాళ్ళ గాయకుడి ఇల్లు సింగ్ నగర్‌లో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వచ్చిన వరదలో వాళ్ళమ్మగారు, అతను మేడ మీదే ఉండిపోయారట. ఆ పాట మొత్తం తెలుగే.

పదకొండుకు స్నేహితుడి కారులో గుంటూరు బయలుదేరాం. సింబల్స్ సంచి నా ఒళ్ళో ఉంది. మంగళగిరి దాటేవరకూ వాడు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మానిటర్ (వాయించేవాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకరు) పనిచేయలేదని, స్నేరు తనకే వినిపించలేదని, జనానికి అసలు ఏమీ వినిపించి ఉండదని అన్నాడు. డ్రమ్ములకు ఎదురుగానే నిలబడ్డాను, నాకు వినిపించింది అన్నాను.